నీళ్ల పంపు ఎక్కడుంది? అమెరికాలో పాత ఫుల్ సైజు సెడాన్ రిపేరు లెక్క

విజయవాడ ఆటోనగర్‌లోనో, హైదరాబాద్‌లో ఇంటి దగ్గరి మెకానిక్ షెడ్డులోనో కారు బాగు చేయించుకోవడం చూస్తూ పెరిగినవారికి రిపేరు అనగానే ముందు గుర్తొచ్చేది స్పేరు పార్టు ధర. పార్టుకు ఎంతవుతుందో తెలిస్తే మొత్తం బిల్లు ఎంత వస్తుందో ఉజ్జాయింపుగా తెలిసిపోతుంది, ఎందుకంటే మెకానిక్ కూలి ఆ పక్కన చిన్న అంకెగానే ఉంటుంది. అమెరికా వచ్చిన మొదటి సంవత్సరంలోనే పాత కారు కొనాల్సి వచ్చే మన విద్యార్థులు, కొత్తగా వచ్చిన కుటుంబాలు ఈ అలవాటైన లెక్కతోనే బేరానికి దిగుతారు. కానీ ఇక్కడ షాపులు గంటకు సుమారు 120 నుంచి 180 డాలర్ల వరకు కూలి వసూలు చేస్తాయి, పెద్ద నగరాల్లోని డీలర్ల సర్వీసు సెంటర్లలో అంతకన్నా ఎక్కువే ఉంటుంది. కాబట్టి బిల్లును నిర్ణయించేది పార్టు ఖరీదు కాదు, ఆ పార్టు దాకా చేరడానికి ఎన్ని గంటలు పడుతుందన్నదే. ఫుల్ సైజు సెడాన్ల విషయంలో ఈ తేడా తెలియకపోవడం వల్ల ఒక్కోసారి కారు ధరకు సమానమైన నష్టం జరుగుతుంది. ఈ వ్యాసం అందుకే.

ఫుల్ సైజు అన్న మాటకు అమెరికాలో స్పష్టమైన కొలత ఉంది. ఇక్కడి పర్యావరణ పరిరక్షణ సంస్థ లెక్క ప్రకారం, ప్రయాణికుల స్థలం, డిక్కీ కలిపి 120 ఘనపుటడుగులు లేదా అంతకు మించి ఉన్న సెడాన్ పెద్ద కారు కిందికి వస్తుంది. ఫోర్డ్ టారస్, షెవర్లే ఇంపాలా, డాడ్జ్ చార్జర్, క్రైస్లర్ 300 ఈ తరగతివే; టొయోటా అవలాన్‌ను కూడా కొనేవాళ్లు వీటి సరసనే చూస్తారు. కొనుగోలుదారులు ఎస్‌యూవీల వైపు మళ్లడంతో ఇవన్నీ ఒకదాని వెంట ఒకటి ఆగిపోయాయి. టారస్ తయారీ 2019 మార్చిలో, ఇంపాలా 2020 ఫిబ్రవరిలో, అవలాన్ 2022లో ముగిశాయి. చార్జర్, క్రైస్లర్ 300 సెడాన్లు 2023 చివరి వరకు నడిచాయి. గిరాకీ తగ్గిన బండికి పాత మార్కెట్లో ధర కూడా తగ్గుతుంది కాబట్టి, ఒకే వయసున్న టారస్, టొయోటా కామ్రీ పక్కపక్కన ఉంటే టారస్ చాలా తక్కువకు వస్తుంది. లోపల విశాలంగా ఉంటుంది, నలుగురి సూట్‌కేసులు పట్టే డిక్కీ ఉంటుంది, హైవే మీద నిలకడగా పోతుంది. ఆ తక్కువ ధర చూసి ఆశ పుట్టడం సహజం, అందులో తప్పు లేదు. ఆ ధర వెనక ఏ ఖర్చు పొంచి ఉందో ముందే తెలిసి ఉంటే చాలు.

ఆ ఖర్చు ఎలా పుడుతుందో అన్నింటికన్నా బాగా చూపించే కారు 2010 నుంచి 2019 వరకు వచ్చిన టారస్. అందుకని ఎక్కువ మాట దాని గురించే చెబుతాను.

టైమింగ్ చైన్ వెనక దాగిన పంపు

ఇంజన్ వేడిని మోసుకెళ్లే కూలెంట్‌ను తిప్పేది నీళ్ల పంపు. చాలా కార్లలో ఇది ఇంజన్ బయట బెల్టుతో తిరుగుతూ ఉంటుంది. లీకైతే కింద నేల మీద మరక కనబడుతుంది, రెండు మూడు గంటల పనితో కొత్తది బిగిస్తారు. టారస్‌లో ఎక్కువగా కనిపించే 3.5 లీటర్ల వి6 (రెండు వరుసల్లో ఆరు సిలిండర్లున్న) ఇంజన్‌లో మాత్రం పంపు ఇంజన్ లోపల, ముందు కవరు వెనక ఉంటుంది. దాన్ని తిప్పేది బెల్టు కాదు, ఇంజన్ కవాటాలను (వాల్వులను) నడిపే టైమింగ్ చైనే.

ఫోర్డ్ ఇలా ఎందుకు చేసిందన్నది తెలుసుకోదగ్గ సంగతి. ముందు చక్రాలతో నడిచే కారులో ఇంజన్‌ను అడ్డంగా పెడతారు, దాని పక్కనే గేర్‌బాక్స్ కూడా పట్టాలి. అంత వెడల్పైన వి6కు బయట ఇంకో పంపు తగిలిస్తే రెండు చక్రాల మధ్య చోటు సరిపోదు. ఇదే కుటుంబానికి చెందిన ఇంజన్‌ను మస్టాంగ్‌లోను, ఎఫ్-150లోను నిలువుగా పెట్టినప్పుడు పంపు బయటే ఉంది. అంటే ఇది ఇంజన్ మూల స్వభావంలోని లోపం కాదు, ఇరుకు చోటు కోసం చేసుకున్న సర్దుబాటు. ఎడ్జ్, ఫ్లెక్స్, 2011 తర్వాతి ఎక్స్‌ప్లోరర్, లింకన్ ఎంకేఎస్‌లలో అడ్డంగా కూర్చున్న ఇదే ఇంజన్‌కూ ఇదే అమరిక ఉంది. టారస్‌లో వేగవంతమైన రకం ఎస్‌హెచ్‌ఓలోని టర్బో వి6దీ ఇదే సంగతి.

పంపు ఏదైనా ఒక రోజు అరుగుతుంది. అందులోని బేరింగు వదులై, సీలు కారడం మామూలు విషయం. టారస్ ఇంజన్‌లో ఈ కారే నీటిని బయటికి పంపడానికి ఒక సన్నని దారి పెట్టారు. దాని చివరి రంధ్రం ఆల్టర్నేటర్ వెనక ఉంటుంది. కారుట కొద్దిగా మొదలైతే అక్కడ ఎండిన కూలెంట్ చారిక కనిపిస్తుంది, ఒక్కోసారి ఆల్టర్నేటర్ మీద కూడా పడుతుంది. అయితే బానెట్ ఎత్తి పైనుంచి చూసేవాడికి ఆ చోటు కనబడదు. టార్చిలైటు, చిన్న అద్దం ఉండాలి, లేదా కారును లిఫ్టు మీద ఎక్కించి కింద నుంచి చూడాలి.

అసలు ప్రమాదం ఆ తర్వాతి మెట్టులో ఉంది. పంపు, టైమింగ్ చైన్ ఒకే గదిలో ఉన్నాయి, ఆ గదిలో తిరిగేది ఇంజన్ ఆయిలు. సీలు పూర్తిగా దెబ్బతిన్నప్పుడు కూలెంట్ ఆ సన్నని దారి పట్టనంత ఎక్కువగా వచ్చి, నేరుగా కింద ఆయిలు తొట్టిలోకి దిగుతుంది. నేల మీద చుక్క పడదు, వేడి ముల్లు కూడా చాలాసేపు పైకి లేవదు. నీరు కలిసిన ఆయిలు మాత్రం క్రాంక్‌షాఫ్ట్ బేరింగుల మధ్య పలుచని పొరగా నిలబడలేదు. లోహం లోహంతో రాసుకుంటుంది. ఆ స్థితిలో కొన్ని మైళ్లు నడిపితే చాలు, నష్టం పంపుతో ఆగదు.

ఈ దశ ఎలా ఉంటుందో ఒకసారి చూసినవారు మరిచిపోరు. ఆయిలు మట్టం చూసే పుల్లను, అంటే డిప్‌స్టిక్‌ను, బయటికి తీసి తెల్లని కాగితపు గుడ్డతో తుడిస్తే, తేనె రంగో నల్లటి గోధుమ రంగో ఉండాల్సిన ఆయిలు పాలు ఎక్కువైన కాఫీలా ఉంటుంది. వేళ్ల మధ్య రాస్తే జిగురు తగ్గి నురగలా జారుతుంది. ఆయిలు మట్టం కూడా గరిష్ఠ గీతను దాటి పైకి వచ్చి ఉంటుంది, ఎందుకంటే తొట్టిలో ఇప్పుడు ఆయిలుతోపాటు కూలెంట్ కూడా ఉంది. ఇంకో జాగ్రత్త చెప్పాలి. చలికాలంలో చిన్న చిన్న దూరాలు తిప్పిన ఏ కారులోనైనా ఆయిలు మూత లోపలి వైపు కొంచెం తెల్లటి మీగడ కనబడవచ్చు. అది గాలిలోని తేమ. డిప్‌స్టిక్ మీద మామూలు రంగు ఉండి, కూలెంట్ మట్టం తగ్గకుండా ఉంటే దానికి భయపడనక్కరలేదు.

ఇప్పుడు డబ్బు సంగతి. పంపు ధర రకాన్ని బట్టి సుమారు 80 నుంచి 200 డాలర్లు. కానీ దాన్ని చేరడానికి వాల్వు కవర్లు, ముందు కవరు, టైమింగ్ చైన్లు విప్పాలి. ఆ పక్కన పని చేయడానికి చోటు లేక కొన్ని షాపులు ఇంజన్‌ను, దాన్ని మోసే సబ్‌ఫ్రేము అనే చట్రంతో సహా, కిందికి దించి చేస్తాయి. పదీ పన్నెండు గంటల పని. గంటకు 150 డాలర్ల చొప్పున పదకొండు గంటలకు కూలే 1,650 డాలర్లు. ఎలాగూ అంతా విప్పారు కాబట్టి చైన్లు, టెన్షనర్లు, గైడ్లు, గాస్కెట్లు కూడా మార్చడం తెలివైన పని. వాటికి 300 నుంచి 400, కొత్త ఆయిలు, కూలెంట్‌కు మరో వంద. మొత్తం 2,200 డాలర్ల దరిదాపుల్లో తేలుతుంది. ఊరిని, షాపును బట్టి ఇది 1,500 నుంచి 3,000 దాకా ఉండవచ్చు. ఆయిలులో నీరు కలిసిన తర్వాత ఇంజన్‌ను నడిపి ఉంటే మాత్రం ఈ లెక్కకు అర్థం లేదు. అప్పుడు వేరే కారు నుంచి తీసిన పాత ఇంజన్ వేయించాలి, దానికి సుమారు 4,000 నుంచి 7,000 డాలర్లు. లక్షా ఇరవై వేల మైళ్లు తిరిగిన టారస్ ధర కూడా ఇంచుమించు అంతే కనుక, చాలామంది ఆ రోజే కారును తుక్కుకు ఇచ్చేస్తారు.

ఇదంతా చెప్పినా, టారస్ కొనవద్దని నేను అనడం లేదు. ఇలాంటి పంపు చాలా కార్లలో లక్ష మైళ్లు దాటేవరకు బాగానే ఉంటుంది, కొన్నింటిలో రెండు లక్షలు దాటినా చెక్కుచెదరదు. నా అభిప్రాయంలో కొనదగ్గ టారస్‌లు రెండు రకాలు. మొదటిది, పంపు, చైన్ల కిట్టు మార్చినట్టు తేదీ, మైళ్లు, షాపు పేరు ఉన్న రశీదు చేతికి వచ్చే కారు. అటువంటి కారు 1,30,000 మైళ్ల దగ్గర ఉన్నా, రశీదు లేని 90,000 మైళ్ల కారు కన్నా మేలు. రెండోది, 2013 నుంచి కొన్నాళ్లు వచ్చిన 2.0 లీటర్ల నాలుగు సిలిండర్ల టర్బో టారస్. దాని పంపు బయటే ఉంది, అయితే టర్బోకు తన సొంత ఖర్చులున్నాయి. ఏ ఇంజన్ ఉందో అమ్మేవారి మాట మీద ఆధారపడనక్కరలేదు. కారు గుర్తింపు సంఖ్య అయిన విన్ నంబరులోని పదిహేడు అక్షరాల్లో ఎనిమిదోది ఇంజన్ ఏదో చెబుతుంది.

నాలుగు చక్రాలకూ శక్తి అందే టారస్, పోలీసు టారస్

మంచు పడే రాష్ట్రాల్లో ఉండే మనవాళ్లు నాలుగు చక్రాలకూ శక్తి అందే టారస్ కోసం వెతుకుతారు. వెనక చక్రాలకు శక్తిని మళ్లించే పెట్టెను ఫోర్డ్ పీటీయూ అంటుంది. దానిలో పట్టే ఆయిలు అర లీటరు కన్నా కొంచెమే ఎక్కువ, అది కూర్చున్న చోటు ఎగ్జాస్టు పక్కన. అంత తక్కువ ఆయిలు అంత వేడిలో కాలి, కొన్నేళ్లకు తారులా గట్టిపడుతుంది. మామూలు సర్వీసులో దీన్ని మార్చాల్సిన పని లేదన్న లెక్కతో తయారుచేశారు. తొలి సంవత్సరాల పెట్టెలకు ఆయిలు తీసే బిరడా కూడా లేదు, ఆయిలు పోసే రంధ్రంలో సన్నని గొట్టం పెట్టి పీల్చి తీయాలి. ప్రతి 30,000 మైళ్లకు ఒకసారి ఇలా మార్పిస్తే వంద, నూటయాభై డాలర్ల ఖర్చు. వదిలేస్తే గోల చేసి, కారి, చివరకు పోతుంది. కొత్తది వేయిస్తే 1,500 నుంచి 2,500 డాలర్లు. కారు కింద గేర్‌బాక్స్ పక్కన గంధకపు వాసనతో కాలిన ఆయిలు తడి కనబడితే బేరంలో ఆ డబ్బు తగ్గించి అడగాలి.

వేలం పాటల్లో చవకగా వచ్చే పోలీసు టారస్‌ల గురించి కూడా ఒక మాట. 2013 నుంచి 2019 వరకు వచ్చిన ఇంటర్‌సెప్టర్ సెడాన్ ఈ టారసే. బలమైన బ్రేకులు, పెద్ద రేడియేటరు, క్రమం తప్పని ఆయిలు మార్పు చూసి చాలామంది ఇష్టపడతారు. కానీ పోలీసు కారు గంటల తరబడి ఆగిన చోటే ఇంజన్ ఆన్‌లో ఉంటుంది, మైళ్ల మీటరులో ఆ అరుగుదల కనిపించదు. ఆగి ఉన్న ఒక గంటను 33 మైళ్ల ప్రయాణంగా లెక్కించమని ఫోర్డ్ స్వయంగా చెబుతుంది. డ్యాష్‌బోర్డు తెరలో ఆ గంటల లెక్క కనబడుతుంది. మీటరు 95,000 మైళ్లు చూపిస్తూ, ఆగి ఉన్న గంటలు 3,000 ఉంటే, ఇంజన్ దృష్టిలో అది దాదాపు 1,94,000 మైళ్ల కారు. లోపలి పంపు కూడా అన్నే గంటలు తిరిగింది.

గేర్‌బాక్స్ మీద ఎక్కువ చెప్పనక్కరలేదు. ఆరు గేర్ల ఆటోమేటిక్ ఇందులో మరీ చెడ్డదేమీ కాదు. మామూలు వాడకంలో లక్షన్నర మైళ్ల దాకా ఆయిలు మార్చనక్కరలేదని మాన్యువల్ అంటుంది. రెండో యజమానికి ఆ సలహా పనికిరాదు. 150 నుంచి 250 డాలర్లతో యాభై, అరవై వేల మైళ్లకు ఒకసారి మార్పిస్తే, 3,500 నుంచి 5,000 డాలర్ల పునర్నిర్మాణం చాలా కాలం వాయిదా పడుతుంది. రెండో గేరు నుంచి మూడోదానికి మారేటప్పుడు కుదుపు ఉన్నదేమో చల్లటి ఇంజన్‌తోను, అరగంట నడిపిన తర్వాత వేడి ఇంజన్‌తోను రెండుసార్లు చూడాలి.

పెద్ద కారు బరువు ఇంకో చోట బయటపడుతుంది. టారస్ ఇంచుమించు 1,800 కిలోలు. ముందు సస్పెన్షన్‌లోని స్ట్రట్లు, కంట్రోల్ ఆర్ముల బుష్‌లు, చక్రాల బేరింగులు ఆ బరువుకు త్వరగా అరుగుతాయి. స్ట్రట్ల జతకు 600 నుంచి 1,000, ఒక్కో బేరింగుకు 300 నుంచి 500, పెద్ద సైజు టైర్లు నాలుగింటికి 600 నుంచి 1,000 డాలర్లు. ఇవి ఏ పాత కారుకైనా వచ్చే ఖర్చులే, ముందుగా చప్పుడు చేసి హెచ్చరిస్తాయి కూడా.

మిగతా పెద్ద కార్లలో దాగిన చోట్లు

టారస్ దగ్గర నేర్చుకున్న ప్రశ్ననే ప్రతి కారు దగ్గరా అడగాలి: ఇందులో చవక పార్టు ఏది చేయి దూరని చోట ఉంది?

చార్జర్, క్రైస్లర్ 300లలోని 3.6 లీటర్ల పెంటాస్టార్ వి6లో ఆ ప్రశ్నకు రెండు జవాబులు. ఆయిలు ఫిల్టరు, కూలరు పట్టి ఉంచే ప్లాస్టిక్ గూడు సిలిండర్ల రెండు వరుసల మధ్య లోయలో, ఇన్‌టేక్ మ్యానిఫోల్డు కింద ఉంటుంది. అది పగిలితే ఆయిలు ఆ లోయలో నిండి వెనక నుంచి గేర్‌బాక్స్ మీదికి కారుతుంది, దాన్ని చూసి మెకానిక్ క్రాంక్ సీలు పోయిందని పొరబడే అవకాశం ఉంది. సరిచేయించడానికి 600 నుంచి 1,000 డాలర్లు. రెండోది కవాటాలను నొక్కే రాకర్ ఆర్ముల చిన్న రోలర్ బేరింగులు. అవి అరిగితే ఇంజన్ టిక్ టిక్ మంటుంది, ఆలస్యం చేస్తే క్యామ్‌షాఫ్ట్ కూడా పోయి 1,500 నుంచి 3,000 దాకా వెళుతుంది. 2011-2013 నాటి తొలి పెంటాస్టార్‌లలో ఎడమ సిలిండర్ హెడ్డు లోపానికి కంపెనీ వారంటీని పదేళ్లకు, లక్షన్నర మైళ్లకు పొడిగించింది. ఆ గడువు ఇప్పుడు తీరిపోయింది కనుక హెడ్డు అప్పట్లో మార్చారా లేదా అన్నది రికార్డులో చూడాలి.

అవలాన్ ఈ గుంపులో నమ్మదగినది, అందుకే ధర కూడా ఎక్కువ. 2005 నుంచి కొన్నేళ్లు వచ్చిన 3.5 లీటర్ల వి6లో కవాటాల టైమింగుకు ఆయిలు అందించే గొట్టంలో కొంత భాగం రబ్బరుది. అది చిట్లితే ఇంజన్ ఆయిలంతా క్షణాల్లో బయటికి పోతుంది. టొయోటా దాన్ని పూర్తి లోహపు గొట్టంతో ఉచితంగా మార్చింది. పాత అవలాన్ చూసేటప్పుడు ఇంజన్ ప్రయాణికుడి వైపున ఆ గొట్టం మొత్తం లోహమేనా అని చూడటానికి ఒక నిమిషం చాలు.

కొనే రోజు

మా పెదనాన్న మనవడికి కారు చూడటానికి రెండేళ్ల క్రితం ఒక డీలరు దగ్గరికి వెళ్లాం. పెద్ద సెడాన్, మెరిసే రంగు, డ్యాష్‌బోర్డులో ఒక్క హెచ్చరిక దీపం లేదు. స్టీరింగు కింది సాకెట్‌లో కారు కంప్యూటరులో నమోదైన తప్పుల కోడ్‌లను చదివే ఇరవై ఐదు డాలర్ల ఓబీడీ రీడరు పెట్టి చూశాను. తప్పుల కోడ్‌లు లేవు, కానీ ఇంజన్ తనను తాను పరీక్షించుకునే మానిటర్లలో నాలుగు ఇంకా సిద్ధంగా లేవని చూపించింది. ఈ మధ్యే ఎవరో కోడ్‌లు చెరిపేశారు, లేదా బ్యాటరీ తీసి పెట్టారు అని దాని అర్థం. మానిటర్లు పూర్తవడానికి కొన్ని రోజుల మామూలు ప్రయాణం పడుతుంది. వారం తర్వాత వస్తాం, ఈలోపు కారును నడపండి అన్నాను. అతను ఒప్పుకోలేదు. మేం వెనక్కి వచ్చేశాం.

1996 నుంచి అమెరికాలో అమ్మిన ప్రతి కారుకూ ఆ సాకెట్ ఉంటుంది కాబట్టి ఈ పరీక్ష ఏ కారు మీదైనా చేయవచ్చు. డీలరు కిటికీకి అంటించాల్సిన బయ్యర్స్ గైడ్ కాగితంలో "యాజ్ ఈజ్" (ఉన్నది ఉన్నట్టుగా, వారంటీ లేకుండా) గడి దగ్గర గుర్తు ఉంటే, కొన్న తర్వాత వచ్చే రిపేరు పూర్తిగా కొన్నవారిదే. కొన్ని రాష్ట్రాలు మాత్రం అలా అమ్మడాన్ని ఒప్పుకోవు. విన్ నంబరును రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ వెబ్‌సైటులో కొడితే పెండింగులో ఉన్న రీకాల్‌లు ఉచితంగా తెలుస్తాయి. ఉదాహరణకు 2011-2013 టారస్‌లలో ఎలక్ట్రిక్ స్టీరింగు సాయం ఆగిపోయే లోపానికి 2015లో రీకాల్ వచ్చింది. రీకాల్ పని డీలరు ఉచితంగా చేయాలి, అయితే కారు తొలిసారి అమ్ముడై పదిహేనేళ్లు దాటితే ఆ బాధ్యత చట్టప్రకారం ఉండదు. ఇవన్నీ అయ్యాక, అమ్మేవారికి సంబంధం లేని షాపులో నూరు, రెండు వందల డాలర్లిచ్చి లిఫ్టు మీద తనిఖీ చేయించాలి, టారస్ అయితే ఆల్టర్నేటర్ వెనక రంధ్రం దగ్గర చారిక ఉందేమో చూడమని నోటితో చెప్పాలి. చెప్పకపోతే చూడరు.

ఇప్పటికే ఇలాంటి టారస్ నడుపుతున్నవారు ఇంజన్ చల్లగా ఉన్న ఉదయం, నెలకు రెండుసార్లు, కూలెంట్ డబ్బాలో మట్టం ఎక్కడుందో ఫోనులో ఫొటో తీసి పెట్టుకోండి. నేల పొడిగా ఉండగా మట్టం తగ్గుతూ ఉంటే ఆ నీరు ఎక్కడికో పోతోంది. డిప్‌స్టిక్ మీద కాఫీ రంగు కనబడిన రోజు ఇంజన్ స్టార్ట్ చేయవద్దు, షాపు ఎంత దగ్గరైనా టో ట్రక్కు పిలవండి. కంటికి ఇంకా ఏమీ కనబడకపోయినా అనుమానం ఉంటే, ఆయిలు మార్చేటప్పుడు వేడిగా కారుతున్న ధార మధ్యలో చిన్న సీసా పట్టి, ముప్పై నలభై డాలర్లకు పరీక్షించే ప్రయోగశాలకు పోస్టులో పంపవచ్చు. కూలెంట్‌లో ఉండే సోడియం, పొటాషియం ఆయిలులోకి చేరితే వాటి పాళ్లు నివేదికలో పెరిగి కనిపిస్తాయి; పంపు మార్పించుకోవడానికి అప్పటికింకా సమయం ఉంటుంది.